శాపం తగిలిన జట్టూ – చింతగింజల లెక్కా

పిల్లలూ! ఒక జట్టు వరసగా పదిసార్లు ఓడిపోతే మీరేమంటారు? ‘ఆట రాదు’ అంటారు. ఇరవైసార్లు ఓడితే? ‘పాపం, అదృష్టం లేదు’ అంటారు. మరి ఎనభై ఏళ్ళకు పైగా ఓడుతూనే వుంటే? అప్పుడు మాత్రం చాలామంది గొంతు తగ్గించి, ‘ఏదో శాపం తగిలి వుంటుంది’ అంటారు.

నిజంగా అలాంటి జట్టు ఒకటుంది. అది మన దేశపు జట్టు కాదు. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలను కలిపే సన్నని నేలపట్టీ మీద కోస్తారీకా అనే చిన్న దేశం వుంది. భూగోళం పటంలో చూడండి. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, ఇంకో పక్క కరీబియన్ సముద్రం. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్‌లో మూడోవంతు కూడా వుండదు. 1948లో తన సైన్యాన్ని రద్దు చేసుకున్న దేశమది. అక్కడివాళ్ళకు ఫుట్‌బాలంటే ప్రాణం. 1921 నుంచి ఆ దేశంలో జాతీయ ఫుట్‌బాలు పోటీలు జరుగుతున్నాయి.

ఆ దేశపు పాత రాజధాని కార్తాగో. సముద్రమట్టానికి 1,400 మీటర్లకు పైన, ఇరసూ అనే అగ్నిపర్వతం ఒడిలో, తరచు పొగమంచు కమ్ముకొని వుండే పట్నం. 1910 మే నెలలో వచ్చిన భూకంపం ఆ వూరిని నేలమట్టం చేసింది. ఆ వూరి జట్టు పేరు కార్తహినేస్. 1906లో పుట్టింది. పొగమంచు వూరి వాళ్ళు గనక ఆటగాళ్ళను అభిమానంగా ‘మంచువాళ్ళు’ అని పిలుచుకుంటారు. ఈ జట్టు 1923లో, 1936లో, 1940లో జాతీయ విజేత అయింది. ఆ తర్వాత మళ్ళీ విజేత అయింది ఎప్పుడో తెలుసా? 2022లో!

ఈ మధ్యకాలంలో ఆ వూళ్ళో తాతలు పోయారు, తండ్రులు ముసలివాళ్ళయ్యారు, మనవలు పెద్దవాళ్ళయ్యారు. ‘మా జట్టు గెలవటం చూడకుండానే కన్నుమూస్తానేమో’ అని బెంగపడే ముసలివాళ్ళు ఎందరో వుండేవారట. ఇన్నేళ్ళ దుఃఖానికి ఒక కారణం కావాలి గదా! కథలు పుట్టాయి.

రెండు కథలు

మొదటి కథ ఇది. 1940లో గెలిచిన సంబరంలో ఆటగాళ్ళు గుర్రాల మీద వూరేగుతూ, దిగకుండా అలాగే పేరుపొందిన దేవమాత చర్చిలోకి వెళ్ళారట. అది చూసి మతగురువుకు కోపం వచ్చి, ‘మీలో చివరివాడు చనిపోయేదాకా ఈ జట్టు మళ్ళీ గెలవదు’ అని శపించాడట.

రెండో కథ బొమ్మ కథ. జట్టు ఆడే మైదానం కింద ఎవరో మంత్రించిన బొమ్మను పాతిపెట్టారట. అది అక్కడున్నంత కాలం గెలుపు వుండదట. మన వూళ్ళలో గుమ్మం ముందు నిమ్మకాయ, కుంకుమ కనిపిస్తే ఏమనుకుంటారో గుర్తుచేసుకోండి. సముద్రాలు దాటి పోయినా మనిషి బుర్ర పనిచేసే తీరు ఒకటే!

ఈ కథలు విని నవ్వి వూరుకోవచ్చు. కాని సైన్సు చదివేవాడు నవ్వి వూరుకోకూడదు, పరీక్షించి చూడాలి. ఒక మాట నిజమా కాదా అని తేల్చుకోవటానికి మనకు ప్రయోగశాలే అక్కర్లేదు. చాలాసార్లు ఒక కేలండరు, కాస్త ఓపిక చాలు.

ముందు బొమ్మ సంగతి చూద్దాం. కార్తహినేస్ ఆడే మైదానం ఫెల్లో మేసా స్టేడియం. దాన్ని కట్టింది 1949లో. జట్టు చివరిసారి గెలిచింది 1940లో. అంటే స్టేడియం కట్టకముందే ఎనిమిదేళ్ళ పైగా గెలుపు లేదు. ఇంకా లేని మైదానం కింద పాతిన బొమ్మ ఆ ఓటములకు ఎలా కారణమవుతుంది? కారణం ముందు రావాలి, ఫలితం తర్వాత రావాలి. ఇది మీరు ఎక్కడ ఏ కథ విన్నా వేయవలసిన మొదటి ప్రశ్న.

ఇక గుర్రాల కథ. ఇక్కడ చిక్కు వేరే. ‘చివరివాడు చనిపోయేదాకా’ అన్నారు గదా. జట్టు ఓడితే, ‘ఇంకా ఎవరో బతికే వున్నారు’ అనవచ్చు. గెలిస్తే, ‘అందరూ పోయి వుంటారు’ అనవచ్చు. ఓడినా నిజమే, గెలిచినా నిజమే! ఏం జరిగినా తప్పు అని తేలని మాట మనకేమీ చెప్పదు. రేపు వాన పడుతుంది లేదా పడదు అని చెప్పే జోస్యుడికి మీరు దక్షిణ ఇస్తారా?

ఇంకొక సంగతి చాలామంది మరచిపోయింది వుంది. 1994 సంవత్సరపు పోటీల్లో ఇదే కార్తహినేస్ ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల క్లబ్బుల విజేత అయింది. మెక్సికో వాళ్ళ అత్లాంతే జట్టును చివరి ఆటలో 3-2 గోల్స్‌తో ఓడించింది. తన దేశంలో ఆరోజుల్లో విజేత కాలేని జట్టు, అంతకంటే పెద్ద పోటీలో విజేత! శాపానికి దేశం సరిహద్దు దగ్గర చెక్‌పోస్టు వుందా ఏమిటి? ‘అది వేరే పోటీ గదా’ అని కథ చెప్పేవాళ్ళు తప్పించుకుంటారు. మనకు నచ్చిన సంగతుల్నే లెక్కపెట్టి, నచ్చనివాటిని పక్కన పెట్టటం అనే అలవాటు పెద్దలకూ వుంది. పిల్లి ఎదురొచ్చిన రోజున పని చెడితే నెలరోజులు చెప్పుకుంటాం. ఎదురొచ్చినా పని జరిగిన రోజు సాయంత్రానికే మరచిపోతాం.

లెక్క వేద్దాం

సరే, కథలు నిలబడలేదు. కాని అసలు ప్రశ్న మిగిలే వుంది. అన్నేళ్ళు గెలవకపోవటం మామూలుగా జరిగే పనేనా?

లెక్క తేలిక కావటానికి పోటీలో పది జట్లున్నాయని, పదీ సమాన బలం గలవని అనుకుందాం. అప్పుడు ఒక జట్టు గెలిచే అవకాశం 10లో 1. గెలవకపోయే అవకాశం 10లో 9. రెండు పోటీల్లోనూ గెలవకపోయే అవకాశం 9/10 × 9/10 = 81/100. మూడు పోటీలకు ఇంకోసారి 9/10తో గుణించాలి. ఇలా గుణిస్తూ పోతే పది పోటీలు అయ్యేసరికి సుమారు 100లో 35. అంటే పదిసార్లు వరసగా గెలవకపోవటం వింతేమీ కాదు. మూడు జట్లను తీసుకుంటే అందులో ఒకదానికి జరిగేదే.

1940 తర్వాత 2022 దాకా ఎన్ని పోటీలు జరిగాయి? మొదట్లో ఏడాదికి ఒకటి. 2007 నుంచి ఏడాదికి ఇద్దరు విజేతలు వచ్చేలా సీజనును రెండు పోటీలుగా విడదీశారు. మొత్తం సుమారు 90 అనుకుందాం. 9/10ని 90 సార్లు గుణిస్తే ఎంత వస్తుంది? దాదాపు 13,000లో 1!

అయ్యో! ఈ లెక్క చూస్తే శాపం వున్నట్టే వుందే! మీలో కొందరు ఇక్కడే ఆగిపోతారని నాకు తెలుసు. లెక్కలో తప్పు లేదు. అయితే లెక్కలోకి మనం పెట్టిన మాట ఒకటుంది చూడండి: ‘పదీ సమాన బలం గలవి’. ఆ మాట నిజమేనా?

నిజం కాదు. కోస్తారీకా పోటీల చరిత్ర తీసి చూస్తే మూడు పేర్లే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి: సప్రీసా, అలహుయెలెన్సే, ఎరెదియానో. సప్రీసా 1972 నుంచి 1977 దాకా వరసగా ఆరేళ్ళు విజేత. 1940 తర్వాత జరిగిన పోటీల్లో ప్రతి అయిదింటిలో నాలుగైనా ఈ మూడు జట్లవే. మిగిలిన ఒక్క వాటాను తక్కిన జట్లన్నీ పంచుకోవాలి. పంచి చూడండి. 100 పోటీల్లో 80 ఆ ముగ్గురికి పోతే మిగిలింది 20. దాన్ని ఏడు జట్లు పంచుకుంటే ఒక్కొక్కదానికి మూడుకు కాస్త తక్కువ. అంటే ఒక మామూలు జట్టు గెలిచే అవకాశం 10లో 1 కాదు, 100లో 3 మాత్రమే.

ఇప్పుడు లెక్క మళ్ళీ వేద్దాం. గెలవకపోయే అవకాశం 0.97. దాన్ని పదిసార్లు గుణిస్తే 0.74. ముప్ఫైసార్లకు 0.40. తొంభైసార్లకు 0.0645. అంటే 100లో 6 కంటే కొంచెం ఎక్కువ, లేదా సుమారు 15లో 1. పదమూడు వేలలో ఒకటి ఎక్కడ, పదిహేనులో ఒకటి ఎక్కడ! మధ్యలో మారింది ఒక్క అంచనాయే. అందుకే ఎవరైనా మీకు భయంకరమైన లెక్క చూపిస్తే, గుణకారం సరిచూడకముందే ‘మొదట ఏమనుకొని మొదలుపెట్టారు?’ అని అడగండి.

ఇంకో మెట్టు ఎక్కుదాం. ఈ ఏడు చిన్న జట్లలో ఎవరికి ఇలాంటి కరువు వచ్చినా మనం వాళ్ళ గురించి కథ చెప్పుకొనేవాళ్ళం. ఏడింటిలో ఏదో ఒకదానికి రావటానికి అవకాశం ఎంత? ఒక్కొక్క జట్టుకు రాకపోయే అవకాశం 0.9355. దాన్ని ఏడుసార్లు గుణిస్తే సుమారు 0.63. అంటే ఎవరికో ఒకరికి వచ్చే అవకాశం 100లో 37! బాణం వేసి, అది గుచ్చుకున్న చోట చుట్టూ సున్నా చుట్టి ‘గురి చూడండి’ అనేవాడి లాంటి వాళ్ళం మనం. జరిగిన తర్వాత ఒక జట్టును ఏరుకొని, ‘దీనికే ఎందుకు జరిగింది?’ అని ఆశ్చర్యపోతున్నాం. కోస్తారీకా ఒక్కటే కాదు, ప్రపంచంలో ఎన్ని దేశాలు, ఎన్ని ఆటలు, ఎన్ని జట్లు! అమెరికాలో బోస్టన్ వాళ్ళ బేస్‌బాల్ జట్టు 1918 తర్వాత మళ్ళీ 2004లో గాని గెలవలేదు. అక్కడా శాపం కథే. షికాగో జట్టుకు 1908 నుంచి 2016 దాకా. అక్కడ కథలో ఒక మేక కూడా వుంది!

తెలివైన పిల్ల ఒక ప్రశ్న

మా తరగతిలో ఈ పాఠం చెబుతుంటే ముందు వరసలోని అమ్మాయి ఒకతె లేచి అడిగింది: ‘మాస్టారూ, 1921 నుంచి 1940 దాకా ఇరవై ఏళ్ళలోనే ఆ జట్టు మూడుసార్లు గెలిచింది గదా. అప్పుడు 100లో 15 వున్న అవకాశం తర్వాత 3 ఎట్లా అయింది? 1940లో ఏదో జరిగే వుండాలి గదా?’

శభాష్! ప్రశ్నంటే అట్లా వుండాలి. అవును, ఏదో మారింది. కాని మార్పు వచ్చిందంటే దానికి కారణం శాపమే కానక్కర్లేదు. మామూలు కారణాల్ని ముందు వెతకాలి. సప్రీసా క్లబ్బు పుట్టిందే 1935లో. పై తరగతి పోటీలోకి అడుగుపెట్టింది 1949లో. ఆ తర్వాత జరిగిన పోటీల్లో మూడోవంతుకు పైగా ఆ ఒక్క జట్టే గెలుచుకుంది. అది రాజధాని సాన్ హొసే పక్కనే వున్న జట్టు. జనం ఎక్కువ, టికెట్ల డబ్బు ఎక్కువ. డబ్బున్న చోటికి మంచి ఆటగాళ్ళు పోతారు. మంచి ఆటగాళ్ళున్న చోట గెలుపు, గెలుపున్న చోట ఇంకా జనం. ఈ చక్రం ఒకసారి తిరగటం మొదలైతే చిన్న వూరి జట్టు దాన్ని ఆపటం చాలా కష్టం. కొత్తగా ఒక బలమైన పోటీదారు వచ్చి పందెంలో పెద్ద వాటా పట్టుకుపోతే పాతవాళ్ళ వాటా తగ్గదూ? దీనికి గుర్రాలూ అక్కర్లేదు, బొమ్మలూ అక్కర్లేదు.

మరి చిన్న జట్లు ఎప్పుడూ గెలవలేదా అంటే, గెలిచాయి. పసిఫిక్ తీరపు రేవుపట్నం పుంతారేనాస్ 1986లో గెలిచింది. పేరెస్ సెలెదోన్ అనే జట్టు 2017లో గెలిచింది. నూటికి మూడు అంటే సున్నా కాదు.

చింతగింజల ప్రయోగం

చదివితే సగం, చేస్తే పూర్తి. ఈ ప్రయోగానికి పైసా ఖర్చు లేదు. 33 చింతగింజలు తీసుకోండి. ఒక్క గింజను అరుగు మీద అరగదీసి ఒక వైపు తెల్లగా చేయండి. అన్నీ దాదాపు ఒకే సైజువి కావాలి. తెల్ల గింజే మన కార్తహినేస్ గెలుపు. ముప్ఫైమూడింట ఒకటి అంటే దాదాపు నూటికి మూడు. గింజల్ని ఒక గుడ్డసంచిలో వేసి బాగా కలిపి, చూడకుండా ఒకటి తీయండి. నల్లదైతే గీత, తెల్లదైతే చుక్క పెట్టుకోండి. తీసిన గింజను మళ్ళీ సంచిలో వేయాలి. ఇది మరచిపోతే ప్రయోగం చెడుతుంది. మళ్ళీ కలపండి, మళ్ళీ తీయండి. అలా 90 సార్లు. ఇద్దరు కలిసి చేస్తే, ఒకరు తీసి ఒకరు రాస్తే, పావుగంటలో అయిపోతుంది. చూపుడు వేలితో అరగదీసిన వైపును తడిమి తీసే గడుసువాళ్ళుంటారు, జాగ్రత్త!

తరగతిలో 45 మంది చేశారనుకోండి. వాళ్ళలో సుమారు ముగ్గురికి 90 సార్లు తీసినా తెల్ల గింజ ఒక్కసారి కూడా రాదు. ఒక తరగతిలో ఇద్దరు కావచ్చు, ఇంకో తరగతిలో అయిదుగురు కావచ్చు. కాని ఎవరో ఒకరు దాదాపు తప్పక వుంటారు. ఆ ముగ్గుర్నీ నిలబెట్టి అడగండి: ‘మిమ్మల్ని ఎవరు శపించారు?’

ఇంకో తమాషా కూడా గమనించండి. యాభైసార్లు తెల్లది రాని పిల్లవాడు, ‘ఇంక వచ్చి తీరాలి’ అంటాడు. రాదు! అంటే, రావచ్చు, కాని వచ్చే అవకాశం మొదటిసారి ఎంతో యాభైఒకటోసారీ అంతే. చింతగింజకు జ్ఞాపకం లేదు. ఇన్నేళ్ళు ఓడాం గనక ఈసారి గెలుపు ‘బాకీ’ వుందనటం, శాపం వుందనటం, రెండూ ఒకే కొమ్మకు కాసిన కాయలు.

గింజకు లేదు గాని, మనిషికి జ్ఞాపకం వుంది

ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. చింతగింజకూ ఆటగాడికీ ఒక తేడా వుంది. 2013లో కార్తహినేస్ చివరి పోరు దాకా వచ్చింది. అది పెనాల్టీ కిక్కుల దాకా పోయింది. చివరికి ఎరెదియానో గెలిచింది. పెనాల్టీ అంటే గోలుకు 11 మీటర్ల దూరంలో బంతి పెట్టి, కీపరు ఒక్కడు తప్ప అడ్డం ఎవరూ లేకుండా తన్నటం. మామూలుగా నాలుగింట మూడు గోలవుతాయి. ఆ బంతి ముందు నిలబడిన కుర్రవాడి చెవిలో వూరంతా చిన్నప్పట్నుంచీ చెప్పిన శాపం కథ మోగుతుంటే? కాళ్ళు బిగుసుకోవచ్చు, చూపు చెదరవచ్చు. భయం వల్ల గుండె వేగం పెరగటం, కండరాలు బిగుసుకోవటం శరీరశాస్త్రంలో మనం చదువుకున్నదే. అంటే శాపానికి బలం లేకపోయినా, శాపముందన్న నమ్మకానికి బలం వుండవచ్చు. ఆ బలం బొమ్మలోంచి రాలేదు, మనం చెప్పే మాటల్లోంచి వచ్చింది.

ఈ సంగతి ఆటతో పోయేది కాదు. ప్రతి బడిలోనూ ‘నష్టజాతకుడు’ అని పేరుపడ్డ పిల్లవాడో పిల్లో వుంటారు. పుట్టిన ఏడాదే ఇంట్లో ఎవరో పోయారనో, రెండుసార్లు లెక్కల పరీక్ష తప్పాడనో ఆ పేరు పెడతారు. మూడోసారి ప్రశ్నపత్రం చేతికి రాగానే వాడికి లెక్క కంటే ముందు ఆ పేరే గుర్తొస్తుంది. ఇక పెద్దవాళ్ళలో ఈ జబ్బు ముదిరితే ఎంత దూరం పోతుందో, బాణామతి చేశారని అనుమానించి తోటి మనుషుల్ని కొట్టి చంపిన మన తెలంగాణ పల్లెల సంఘటనలే సాక్ష్యం. అక్కడ జరిగిందీ ఇదే: వరసగా కొన్ని కష్టాలు వచ్చాయి, కారణం కావాలనిపించింది, కారణం వెతకటానికి బదులు మనిషిని వెతికారు. కార్తాగో కథలో బొమ్మను వెతికారు గనక ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

2022లో ఏం జరిగింది?

2021-22 సీజను రెండవ పోటీలో కార్తహినేస్ చివరి పోరుకు చేరి, మూడు పెద్ద జట్లలో ఒకటైన అలహుయెలెన్సేను దాటి విజేత అయింది. క్యూబా దేశం నుంచి వచ్చిన మార్సెల్ హెర్నాందేస్ అనే గోల్ వీరుడు ఆ జట్టులో ఆడాడు. కార్తాగో వీధుల్లో జనం ఏడ్చారు, నవ్వారు, నీలం తెలుపు జెండాలు పట్టుకొని తెల్లవార్లూ తిరిగారు. నాకు ఆ సంబరం తప్పనిపించదు. ఎనభై ఏళ్ళు ఓడినా జట్టును వదలకుండా మైదానానికి వచ్చినవాళ్ళకు ఆ రాత్రి హక్కుంది.

‘శాపం తీరింది’ అని కొందరన్నారు. ఎవరు తీర్చారు? ఆ రోజు బొమ్మను తవ్వి తీశారా? లేదు. బంతి గోల్లోకి పోయింది, అంతే. నూటికి మూడు అనే తెల్ల గింజ తొంభై చిల్లర సార్లకు చేతికి వచ్చింది.

మీరు చేయవలసిన పని ఇంకా ఒకటుంది. 33 గింజలకు బదులు 20 గింజలు తీసుకొని, అందులో ఒకటి తెల్లగా వుంచి, మళ్ళీ 90 సార్లు తీయండి. ఈసారి తరగతిలో ఎంతమందికి తెల్ల గింజ అసలు రాలేదో లెక్కపెట్టండి. అంతకుముందే 19/20ని 90 సార్లు గుణించి జవాబు నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. 19/20 అంటే 0.95. దాన్ని ముందు పదిసార్లు గుణించి, వచ్చిన దాన్ని మూడుసార్లు, మళ్ళీ మూడుసార్లు గుణిస్తే పని త్వరగా అవుతుంది. మీ లెక్కకూ గింజలకూ ఎంత తేడా వచ్చిందో చూడండి. తేడా ఎక్కువగా వుంటే మూడు, నాలుగు తరగతుల ఫలితాలు కలిపి మళ్ళీ చూడండి.